మూరెడు తీగ

నా దగ్గర ఒక తీగ ముక్క ఉంది. మూరెడు పొడవు. చిన్న చుట్టగా చుట్టి, పాత డైరీ వెనక అట్టకు అతికించిన కాగితం కవరులో పెట్టాను. ఒకసారి మా స్కూలు ల్యాబ్‌లో తూకం వేసి చూశాను. అర గ్రాముకు కొంచెం తక్కువే తూగింది. తొమ్మిదేళ్లుగా నేను మోస్తున్న బరువు అది. ఈ మధ్యలో రెండుసార్లు ఇల్లు మారాం. రెండుసార్లూ అన్నిటికంటే ముందు సర్దుకున్నది ఆ డైరీనే. ఎందుకే అంత పదిలం అని అమ్మ అడిగింది. పుస్తకం కదా అన్నాను.

ఆ తీగ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట పెగలదు. బస్సులో టికెట్ అడగడానికి కూడా మనసులో ఒకసారి అనుకుని అడుగుతాను. కాగితం మీద మాత్రం నేను వేరే మనిషిని. ఇక్కడ తడబడను. ఈ రాతలో కొన్ని లెక్కలు వస్తాయి. భాగహారం, గుణకారం వస్తే చాలు, భయపడకండి. లెక్కల్లో నేను తప్పు చేయను. ఆ రోజు కూడా నా లెక్క తప్పలేదు. తప్పినది లెక్క అయి ఉంటే ఇదంతా రాయవలసిన పనే లేదు.

నేను మెదక్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పదో తరగతికి విద్యుత్తు పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్. రెండిటికీ అవే రెండు అంకెలు. భాగిస్తే తీగ ఎంత అడ్డుపడుతోందో తెలుస్తుంది. గుణిస్తే ఆ తీగ ఎంత వేడిని పుట్టిస్తోందో తెలుస్తుంది. పిల్లలకు రెండూ ఒకే రోజు చెబుతాను, విడదీయను. నేను ఇంటర్ చదివేటప్పుడు మొదటి వాక్యం ఒక్కటే పట్టుకున్నాను. రెండోదాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాను.

ఇంటర్ రెండో ఏడాది మా కాలేజీ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఏ ప్రయోగం మొదలుపెట్టినా అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత రావాలె?" సీనియర్ల రికార్డుల్లో సమాధానం ఉండేది. ఓమ్ నియమం ప్రయోగానికి చెక్క రీలు మీద చుట్టిన ఒక కాయిల్ ఉండేది. పచ్చ నూలు కప్పిన తీగ. దాని కింద చెక్కకు ఒక చీటీ అతికించి ఉండేది: పది ఓములు, అర ఆంపియర్ మించరాదు. ఇక పదే రావాలి. కరెంటు గడిలో సున్నా పాయింట్ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసుకునేవాళ్లం. ఒక్కొక్కదాన్ని పదితో గుణించి వోల్టేజీ గడి నింపేవాళ్లం. తర్వాత వోల్టేజీని కరెంటుతో భాగించినట్టు చూపిస్తే పది రాక ఏమవుతుంది? అన్నీ సరిగ్గా పదే వస్తే సార్‌కు అనుమానం వస్తుందని ఒక చోట కొంచెం తగ్గించి, ఇంకో చోట కొంచెం పెంచేవాళ్లం. దీన్ని సీనియర్లు ఉప్పేసుడు అనేవాళ్లు. "ఉప్పేసినవా?" అంటే "ఏసిన" అనడం. మీటర్ల ముల్లు కదలకుండానే రికార్డు నిండిపోయేది.

ఆ పద్ధతి తెలియనట్టు ఉండేది సలోమి ఒక్కతే. తెలియక కాదు. వాళ్ల నాయినకు రామాయంపేట రోడ్డులో మోటర్లు కట్టే షాపు ఉంది. శంకరంపేట, ఎల్దుర్తి, అల్లాదుర్గ్ దిక్కు నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటర్లు ఆటోల్లో వేసుకుని వస్తారు. లోపలి పాత కాయిల్ కోసి తీసి, కొత్త తీగ చుట్టి ఇస్తాడు ఆయన. సలోమి చిన్నప్పటి నుంచీ ఆ చుట్లు లెక్కపెడుతూ పెరిగింది. ఒక్క చుట్టు లెక్క తప్పినా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమనేవాడట. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూడా తెల్ల చున్నీ తీసి కొక్కేనికి తగిలించి షాపులో కూర్చునేది. అందుకని ల్యాబ్‌లో ఆమె ఎంత రావాలె అని అడగడం నేను వినలేదు. ముల్లు ముందు తలవంచి, ఒక కన్ను మూసి చూసి, ఎంత వచ్చిందో అది రాసుకునేది.

బెంచీ మీద మేం పక్కపక్కన కూర్చునేవాళ్లం. నా డౌటు నేను పుస్తకం అంచున రాస్తే ఆమె చదివి లేచి నిలబడి సార్‌ను అడిగేది. హాజరు పిలిచినప్పుడు నా గొంతు వినబడకపోతే "ఉన్నది సార్, ఈడనే ఉన్నది" అనేది. రెండేళ్లు నా నోరు ఆమె. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోవడానికి చాలా చూశాను.

ప్రాక్టికల్స్‌కు నెల రోజుల ముందు ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. అటెండర్ యాదయ్య తాత అన్నం తినడానికి ఇంటికి పోతూ తాళం చెవి నా చేతికిచ్చాడు. "గీ పిల్ల చేతుల పెడితే అద్దం గూడ పదిలమే" అనేవాడు. ఎవరూ చూడనప్పుడు ఒక్కసారైనా నా చేతులతో నేను కొలవాలనుకున్నాను. అందరి ముందు తీగలు కలపాలంటే నా వేళ్లు వణికేవి. ఆ రోజు వణకలేదు. కరెంటును అదుపు చేసే రియోస్టాట్‌కు మూడు స్క్రూలు, ఏది దేనికి కలపాలో నాకు ఎప్పుడూ తేలేది కాదు. తీసి పక్కన పెట్టాను. కాయిల్‌ను నేరుగా కలిపి, బ్యాటరీకి బదులు వాడే ఎలిమినేటర్ నాబ్‌ను చివరిదాకా, పన్నెండు వోల్టులకు తిప్పాను.

అమ్మీటర్ ముల్లు ఒక్క దూకుతో కొసకు పోయి తగులుకుంది. ఆ అమ్మీటర్ ఒక ఆంపియర్ వరకే. పెద్దది కావాలనుకుని, స్విచ్ ఆపకుండానే, బీరువా దగ్గరికి పోయాను. అరలు వెతికాను. ఒక సొరుగు రాలేదు, గుంజాను. ఐదారు నిమిషాలు పట్టి ఉంటుంది. వాసన వచ్చాక తిరిగి చూసి స్విచ్ ఆపాను.

ఇప్పుడైతే నోటిలెక్కగా చెప్పేస్తాను. చీటీ ప్రకారం ఆ కాయిల్ తట్టుకునేది అర ఆంపియర్. పది ఓములకు అర ఆంపియర్ అంటే ఐదు వోల్టులు. గుణిస్తే రెండున్నర వాట్లు. నేను పెట్టింది పన్నెండు వోల్టులు, పారింది ఒకటి పాయింట్ రెండు ఆంపియర్లు. గుణిస్తే పద్నాలుగు పాయింట్ నాలుగు వాట్లు. దాదాపు ఆరు రెట్ల వేడి. మూడో తరగతి పిల్ల చేసే గుణకారం. నేను చేయలేదు.

తీగ తెగలేదు. ఒక కొస దగ్గర, చుట్లు ఒకదాని మీద ఒకటి ఇరుకుగా పడ్డ చోట మాత్రం పచ్చ నూలు నల్లగా మాడిపోయింది. అంతే నష్టం. యాదయ్య తాత రాగానే తాతా, గిట్లయింది అంటే సరిపోయేది. నాలుగు తిట్లు తిట్టి, కొత్త తీగ చుట్టించేవాడు. నేను పొరపాటు చేశాననడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు. ల్యాబ్ అన్నాక వస్తువులు కాలుతాయి.

కానీ గీ పిల్ల చేతుల పెడితే పదిలమే అన్న మాట ఉంది కదా. అది పోతుందనిపించింది. నాకున్న పేరు అదొక్కటే.

కటింగ్ ప్లేయర్ తీసుకున్నాను. మాడిన చుట్లు నాలుగైదు విప్పి, కోసేశాను. మిగిలిన కొసకు బ్లేడుతో నూలు గీకి, స్క్రూకు బిగించాను. కాయిల్‌ను అరలో ఎప్పటి చోటే పెట్టాను. కోసిన ముక్కను కంపాస్ పెట్టెలో వేసుకున్నాను. అప్పటికి యాదయ్య తాత వచ్చి, కిటికీలు తెరిచి, "ఏందో కమురు వాసనొస్తుంది" అన్నాడు. బయట ఎవరో చెత్త కాలుస్తున్నారన్నాను.

తీగ పొట్టిదైతే రెసిస్టెన్స్ తగ్గుతుందని నాకు అప్పుడు తెలుసా? తెలియదని నమ్ముకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను. తెలియనిదాన్ని అయితే ఎంత బాగుండేది. కానీ తెలుసు. అదే పాఠంలో, రెండు పేజీల తర్వాత ఉంటుంది. తెలిసే కోశాను, ఎందుకంటే నాకు ఒక ధైర్యం ఉంది. ఆ ల్యాబ్‌లో ఎవరూ కొలవరు. అందరూ పదే రాస్తారు. కాయిల్ ఎనిమిది ఓములైనా, ఎనభై ఓములైనా, అసలు లేకపోయినా సమాధానం పదే. ఎవరికీ ఏమీ కాదు.

సలోమి కొలుస్తుందన్న సంగతి నాకు తట్టలేదా? తట్టింది. రెండు రోజుల తర్వాత డైరీలో రాసుకున్నాను కూడా. రాసి, కింద గీత గీసి, పేజీ తిప్పాను.

ప్రాక్టికల్స్ రోజు చీటీలు తీయించారు. సలోమికి ఓమ్ నియమం వచ్చింది. నాకూ అదే. ఉన్నది ఒకటే కాయిల్, అందుకని ముందు ఆమె చేసింది, తర్వాత నేను. ఆమె చేస్తున్నంతసేపూ నేను పక్క స్టూలు మీద కూర్చుని పటం గీస్తున్నాను. ఒకసారి ఆమె కాయిల్‌ను ఎత్తి, కొస దగ్గర వేలితో తడిమి, మళ్లీ దించడం చూశాను.

నా వంతు వచ్చింది. నేనూ తీగలు కలిపాను, ఈసారి రియోస్టాట్‌తో. అమ్మీటర్‌ను సున్నా పాయింట్ రెండుకు తెచ్చాను. వోల్ట్‌మీటర్ ముల్లు ఒకటి పాయింట్ ఆరు మీద నిలబడింది. స్పష్టంగా చూశాను. ఒకటి పాయింట్ ఆరును సున్నా పాయింట్ రెండుతో భాగిస్తే ఎనిమిది. ముల్లును చూస్తూనే, పేపరు మీద రెండు వోల్టులు అని రాశాను. మిగతావి కూడా అట్లాగే రాశాను. ఒకటి. రెండు. మూడో చోట రెండు పాయింట్ తొమ్మిది, నాలుగో చోట నాలుగు పాయింట్ ఒకటి. ఉప్పు సరిపోయింది. సగటు తొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది.

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం మొదట సలోమి పేపరు తీసుకున్నారు. కాయిల్ కింది చీటీ చూశారు.

"పది ఉండాలి కదమ్మా? ఎనిమిదేంటి?"

"నాకు ఎనిమిదే వచ్చింది మేడం. నాలుగుసార్లు సూసిన."

"నాలుగుసార్లూ సరిగ్గా ఎనిమిదేనా? ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదా? ఎవరి దాంట్లోంచి దించావు?"

"దించలే మేడం. ముల్లు గీత మీదికి వచ్చినంకనే రాసిన. గీ కాయిల్ ఎవలో కోసిండ్రు మేడం. గీ కొసకు సూడుండ్రి, కొత్తగ గీకినట్టుంది. రెండు ఓముల తీగ పోయింది."

మా ఫిజిక్స్ సార్ నవ్వారు. "ఇది మీ నాయిన షాపు గాదమ్మా, చుట్లు లెక్కవెట్టనీకి. ల్యాబ్ ఇది."

"సలోమీ, పైన ఫ్యాన్ గూడ తిరుగుతలేదే, జర కట్టిపోరాదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సలోమి కూడా సగం నవ్వింది. ఆమెకు ఇంకా భయం లేదు. తనకు సాక్షి ఉంది.

"దీన్ని అడుగుండ్రి మేడం. ఇది గూడ గిదే కాయిల్ మీద చేసింది."

మేడం నా వైపు తిరిగారు. "నీకెంత వచ్చింది?"

"తొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది, మేడం."

నా జీవితంలో అంత స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా పలికిన వాక్యం అంతకుముందు లేదు.

"పదా?" అంది సలోమి. "నీకు పదొచ్చిందా?"

తలూపాను.

మేడం నా పేపరు ఎత్తి సార్‌కు చూపించారు. "చూడండి, ఒక చోట తగ్గింది, ఒక చోట పెరిగింది. నిజంగా కొలిస్తే ఇట్లా వస్తుంది." సలోమి పేపరు మీద ఎర్ర పెన్నుతో ఒక పెద్ద అడ్డగీత గీశారు. సరిగ్గా కొలిచింది కాబట్టి ఆమెవి దొంగ లెక్కల్లా కనబడ్డాయి. నేను ఉప్పు వేశాను కాబట్టి నావి నిజంలా కనబడ్డాయి.

ఆమెకు పాస్ కావడానికి సరిపడా మార్కులు వేశారు. ఫెయిల్ చేయలేదు. చాలా రోజులు ఆ సంగతి నాకు నేనే చెప్పుకున్నాను, ఫెయిలైతే కాలేదు కదా అని. మనసు ఎంత చవకగా ఊరుకుంటుందో చూడండి.

ఇక్కడితో ఆగితే నేను పిరికిదాన్నని మీరు అనుకుంటారు. అనుకుని కొంత క్షమిస్తారు కూడా. అందుకే ఆగను. అసలు తప్పు ఆ తర్వాతిది.

రెండు రోజుల తర్వాత సలోమి మా ఇంటికి వచ్చింది. నా మీద కోపంతో అనుకున్నాను. కోపం లేదు. నోటుబుక్కు తెచ్చుకుంది. అందులో మళ్లీ ఆ నాలుగు రీడింగులూ రాసుకుంది. "నేను యాడ తప్పిన్నో చెప్పరాదే," అంది. "నీకు పదొచ్చినప్పుడు నాకెందుకు రాలే?"

నేను ఆలోచించాను. నిజంగానే కూర్చుని ఆలోచించాను, ఒక మంచి కారణం కోసం. నాకు దొరికింది. "ముల్లును పక్క నుంచి చూస్తే ఒక గీత అటో ఇటో కనబడుతుంది. నీ కన్ను సూటిగ ఉండనట్టుంది," అన్నాను. పుస్తకం తెరిచి బొమ్మ కూడా చూపించాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఒక కన్ను మూసి, వేలిని ముఖం ముందు పెట్టుకుని, అటూ ఇటూ కదిపి చూసింది. "అవునే" అంది. "కదులుతుంది."

ఆమె నన్ను నమ్మింది. తన కన్నును కాదనుకుని నన్ను నమ్మింది.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతానని రెండేళ్లుగా అంటూ ఉన్న పిల్ల బి.ఏ.లో చేరింది. మీటర్లు నాకు పడవు అంది. నేను బి.ఎస్సీ. చదివి, బి.ఎడ్. చేసి, టీచర్నయ్యాను. నా క్లాసులో పిల్లలు ఎవరైనా ఎంత రావాలె టీచర్ అని అడిగితే నేను చెప్పను. ఎంత వచ్చిందో నువ్వే చెప్పు అంటాను. మా ల్యాబ్ కాయిల్స్ కింది చీటీల మీద ఓముల అంకెలు చెరిపేశాను. మంచి టీచరని పేరుంది. పేరు నాకు ఎప్పుడూ తొందరగానే వస్తుంది.

ఇవన్నీ ఇట్లాగే ఉండిపోయేవేమో. కిందటి వారం మా పొలం మోటరు కాలింది. పొలం శంకరంపేట దిక్కు. నాన్న మోటరును ఆటోలో తెచ్చి సలోమి వాళ్ల షాపులో ఇచ్చిపోయాడు. సాయంత్రం స్కూలు అయ్యాక, అయిందో లేదో కనుక్కోవడానికి నన్ను పంపాడు.

షాపులో సలోమి ఉంది. బి.ఏ. అయిన దగ్గర నుంచి అక్కడే ఉంటోంది. ఇప్పుడు చుట్టేదంతా ఆమే. వాళ్ల నాయిన కంటే చేయి వాడిగా ఉంది. మా మోటరు కట్టడం అయిపోయింది. లోపల మూడు కాయిల్స్. మూడింటి రెసిస్టెన్స్ సమానంగా ఉండాలి, లేకపోతే ఒకదాంట్లో కరెంటు ఎక్కువ పారి మళ్లీ కాలుతుంది. ఆమె పాత ముల్లు మీటరు పెట్టి ఒక్కొక్కటీ చూసింది. మూడు ఓములు. మూడు. మూడు. నాకు నిలబడ్డ చోటి నుంచే కనబడింది. ఆమె మీటరు అట్లాగే పట్టుకుని లోపలికి పిలిచింది.

"నాయినా, జర వచ్చి సూడరాదు."

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒక కంట్లో తెల్లగా పొర కనబడుతోంది. ముక్కు తాకేంత దగ్గరగా వంగి, చాలాసేపు చూశాడు. "మూడే గదనే. నువ్వు సూసిందే."

"నువ్వు గూడ సూస్తే నాకు నిమ్మళం."

ఆయన నా వైపు తిరిగాడు. "గిది సంగతి అమ్మా. నా కండ్లకు పొరలొచ్చినయి. ఆపరేషన్ చేపిచ్చుకో అంటుండ్రు దవాఖాన్ల. చేపిచ్చుకుంటే నెల దినాలు నేను షాపుకు రావొద్దు. దీని కండ్లు మంచిగనే ఉన్నయి, గని దీనికే వాటి మీద నమ్మకం లేదు. మరి షాపు ఎట్ల నడువాలె? నాట్ల టైమ్‌ల బంద్ పెడుదునా? టీచరమ్మవు, నువ్వన్న జర చెప్పు."

సలోమి నవ్వింది. "ఏం చెప్తది నాయినా? నా కన్ను సూటిగ ఉండదని ఇంటర్లనే చెప్పింది ఇది. బొమ్మ గూడ సూపిచ్చింది."

ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చి డైరీ తీశాను. తొమ్మిదేళ్లలో ఆ సంగతి రాద్దామని పదిసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ నేను ఎట్లాంటి దాన్ని, నాకెందుకు భయం, చిన్నప్పుడు ఏం జరిగింది, ఇవన్నీ రాసి తీగ దగ్గరికి రాకుండానే ఆగిపోయాను. ఈసారి అవేవీ రాయలేదు. కళ్లలో పొరలున్న మనిషి, మంచి కళ్లున్న బిడ్డ కోసం మీటరు మీదికి వంగి చూస్తున్నాడు. దానికి కారణం నేను. ఈ మాట రాయడానికి నాకు భయం వేయలేదు. కొలిచి చెప్పగలిగిన సంగతి ఇది.

మరుసటి రోజు స్కూలు ల్యాబ్‌లో ఆ తీగ ముక్కకు రీడింగు తీశాను. సున్నా పాయింట్ రెండు ఆంపియర్ల దగ్గర సున్నా పాయింట్ నాలుగు వోల్టులు. రెండు ఓములు. పదిలోంచి రెండు పోతే ఎనిమిది. సలోమి ఆ రోజు, వేలితో తడిమి, కొలిచి, ఎగ్జామినర్ మేడంకు చెప్పినది ఇదే. ఒక్క గీత కూడా తప్పు చెప్పలేదు.

పై మాటలన్నీ రాసి మూడు రోజులైంది. ఇక్కడి నుంచి రాస్తున్నది ఇవాళ.

ఇవాళ స్కూలు ఒక పూటే. నేరుగా షాపుకు పోయాను. దారి పొడుగునా వాక్యాలు అనుకుంటూ పోయాను, మెట్టు ఎక్కగానే అన్నీ పోయాయి. సలోమి బల్ల దగ్గర ఒక్కతే ఉంది. వాళ్ల నాయిన లోపల వార్నిష్ పూస్తున్నాడు. నేను కవరులోంచి తీగ చుట్ట తీసి బల్ల మీద పెట్టాను.

"కొలువు" అన్నాను.

ఏందిది అన్నట్టు చూసింది. తర్వాత మీటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి ఆనించి, ముల్లును సున్నాకు తెచ్చుకుని, తీగ రెండు కొసలకూ పెట్టింది. ఒక కన్ను మూసింది.

"రెండు." అని, వెంటనే లోపలికి తల తిప్పింది. "నాయి..."

"పిలువకే. రెండే. అది ఆ కాయిల్‌ది. నేనే కోసిన. నాకు గూడ ఎనిమిదే వచ్చింది. పది అని రాసిన."

ఆమె చేతిలో పిన్నులు అట్లాగే ఉన్నాయి. ముల్లు రెండు మీద అట్లాగే ఉంది. ఒకే ఒక్క మాట అడిగింది.

"మరి కన్ను సూటిగ లేదన్నది?"

"అబద్ధం."

ఏడవలేదు. తిట్టలేదు. తిడితే నిలబడి వినాలని అనుకునే వచ్చాను. బల్ల మీది తీగను చూస్తూ, చాలా మెల్లగా, "నువ్వు పోవే. నాకు పనుంది" అంది. నేను అలవాటు కొద్దీ తీగ కోసం చేయి చాపాను. ఆమె దాని మీద తన అరచేయి పెట్టింది.

మెట్లు దిగి చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి వాళ్ల నాయిన గొంతు వినబడింది. ఏదో మోటరు గురించి, "ఎంతున్నదే?" అని. పిన్నులు ఇనుముకు తగిలిన చప్పుడు వినబడింది. కొంచెం ఆగి మళ్లీ ఒకసారి. ఆయనను రమ్మని పిలవడం మాత్రం నాకు వినబడలేదు. నేను రోడ్డు మలుపు తిరిగాక పిలిచి ఉండవచ్చు. వెనక్కి తిరిగి చూసే హక్కు నాకు లేదనిపించి చూడలేదు.

ఆమె మళ్లీ నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. పోయిన చదువు నేను తెచ్చి ఇవ్వలేను. మా ఫిజిక్స్ సార్ ఎక్కడికో బదిలీ అయిపోయారు. ఆ ఎర్ర గీత ఏ గోదాములో ఏ కట్టలో ఉందో, ఎప్పుడో తగలబెట్టారో. నన్ను ఏం చేయాలో మీరు చెప్పనక్కర లేదు. మీరు విన్నారు, అది చాలు. డైరీ వెనక కవరు ఖాళీగా ఉంది. వేలితో నొక్కితే చదునుగా అణిగిపోతోంది. ఇన్నేళ్లుగా ఆ చోట అట్ట కొంచెం ఉబ్బి ఉండేది.

ఆ పరీక్ష పేపరు మీద రాయవలసినది ఇక్కడ రాస్తున్నాను. సున్నా పాయింట్ ఒకటి ఆంపియర్ దగ్గర సున్నా పాయింట్ ఎనిమిది వోల్టులు. రెండు దగ్గర ఒకటి పాయింట్ ఆరు. మూడు దగ్గర రెండు పాయింట్ నాలుగు. నాలుగు దగ్గర మూడు పాయింట్ రెండు. ముల్లు ప్రతిసారీ గీత మీదే ఉంది, నేను సూటిగానే చూశాను.

మేడం, నాకు ఎనిమిది వచ్చింది.